ముంగిటికి వచ్చిన బడి



మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను పట్టుకొని మూడేండ్ల బిడ్డ చేతికి పలక నిచ్చి, అక్షరము దిద్దకున్నచో బెత్తము చూపువారు గ్రామములలో ఇప్పటికిని కలరు. వారికి బిడ్డపై ప్రేమ లేదని చెప్పరాదు. తాము పడిన కష్టము బిడ్డ పడరాదను తొందరయే దానికి మూలము. అయినను మొక్కను వంచుట వేరు, పెంచుట వేరు. ఈ భేదమును లోకము ఎట్లు గ్రహించినదో, ఆ గ్రహింపు పేదల గుడిసె ముంగిటికి ఎట్లు చేరినదో నేడు మనవి చేసెదను.

జర్మనీ దేశమున ఫ్రోబెల్ అను ఉపాధ్యాయుడు ఉండెను. ఆయన 1782లో పుట్టి, ఏడాది నిండక మునుపే తల్లిని పోగొట్టుకొనెను. తల్లి లాలన ఎరుగని ఆ మనుష్యుడే 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న పట్టణమున పసిబిడ్డలకై ఒక శాలను నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టెను. ఆ మాటకు పిల్లల తోట యని అర్థము. పేరులోనే ఆయన అభిప్రాయము తెలియుచున్నది. తోటమాలి మొక్కను పట్టి పైకి లాగడు. కంచె కట్టును, నీరు పోయును, కలుపు తీయును. పెరుగుట మొక్క పని.

ఆయన బిడ్డల చేతికిచ్చినవి ఉన్ని బంతులు, కొయ్య గుండు, చతురస్రపు దిమ్మ మొదలగునవి. గుండు దొర్లును, దిమ్మ నిలుచును. ఈ సంగతి ఒకరు నోటితో చెప్పనక్కరలేదు, బిడ్డ చేతికే తెలియును. ఎనిమిది ముక్కలుగా కోసిన దిమ్మను విడదీసి మరల కూర్చునప్పుడు సగము, పాతిక, మొత్తము అను లెక్క యంతయు అంకెల పేరు రాకముందే బిడ్డ మనసున నాటుకొనును. ఇంతటి నిరపాయమైన యాటను 1851లో ప్రష్యా ప్రభుత్వము నాస్తికతకు దారి తీయునని శంకించి నిషేధించెను. మరుసటి యేడే ఫ్రోబెల్ గతించెను. 1860లో నిషేధము తొలగెను గాని, దానిని చూచుటకు ఆయన లేడు.

తరువాత ఇటలీ దేశమున మరియా మాంటిస్సోరి యను వైద్యురాలు 1907లో రోమునగరపు సాన్ లోరెంజో పేటలో కూలివారి పిల్లలకు ఒక బాలగృహమును తెరచెను. తలిదండ్రులు పనికి పోగా ఆ పిల్లలు దిక్కులేక తిరుగుచుండెడివారు. వారిని ఆమె శాసింపక, ఓపికతో పరికించెను. తనకు నచ్చిన వస్తువు దొరికినచో మూడేండ్ల బిడ్డ సైతము ఏకాగ్రతతో అదే పనిని పలుమార్లు చేయుట గమనించెను. మనము ఆట యనుకొనునది బిడ్డకు నిజముగా పని యని ఆమె సిద్ధాంతము. ఆమె 1939లో చెన్నపట్టణమునకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. యుద్ధకారణమున 1946 వరకు ఈ దేశమందే ఉండెను.

అంతకు ముందే గుజరాతు ప్రాంతమున ఒక న్యాయవాది ఈ మార్గము పట్టియుండెను. ఆయన గిజూభాయి బధేకా. కుమారుని చదువు గూర్చిన చింతతో మాంటిస్సోరి గ్రంథములు చదివి, వకీలు వృత్తి విడిచి, 1920లో భావనగరున బాలమందిరము స్థాపించెను. ఆయన కథలు చెప్పెను, పాటలు పాడించెను, నాటకములాడించెను. పిల్లలపై గల వాత్సల్యము చేత జనులు ఆయనను మీసముల తల్లి యని పిలిచిరి. 1939లో ఆయన మరణించెను.

ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ అను విదుషి మరియొక ప్రశ్న వేసికొనెను. నగరములోని కలిగినవారి బిడ్డలకు ఆటబడి ఉన్నది సరే, పల్లెలోని పేదబిడ్డకు ఏది? ఆమె 1945లో బొంబాయికి ఉత్తరమున సముద్రతీరమందలి బోర్డీ గ్రామమునకు పోయి బాలకేంద్రము తెరచెను. అనుతాయి వాఘ్ ఆమెకు తోడుగా నిలిచెను. బడి తెరచినంత మాత్రమున పేదల పిల్లలు రాలేదు. చంటివానిని ఎత్తుకొనవలసిన అక్కకు, పశువులను మేపవలసిన అన్నకు బడికి తీరిక ఎక్కడిది? కూలికి పోవు తల్లి బిడ్డను ముస్తాబు చేసి పంపుట ఎట్లు? తారాబాయి వారిని నిందింపలేదు. పిల్లలు బడికి రానిచో బడియే పిల్లల యొద్దకు పోవలెనని నిశ్చయించెను.

ఉపాధ్యాయినులు గుడిసెల నడుమ ముంగిటికి పోయి, పిల్లలకు స్నానము చేయించి, తల దువ్వి, అక్కడనే ఆటలాడించిరి. ముంగిటి బడి గనుక దానికి అంగన్‌వాడీ యని పేరు వచ్చెను. కొయ్య సామగ్రి కొనుటకు ధనము లేదు. గవ్వలు, గులకరాళ్లు, గింజలు, ఆకులు, పూవులు సామగ్రి యాయెను. గింజలు ఏరుటలో లెక్క, ఆకులు వేరుపరచుటలో పోలిక, పాటలో భాష అలవడెను. 1957లో వారు కోస్‌బాడ్ కొండప్రాంతమున వార్లీల నడుమ పని సాగించిరి. చంటిబిడ్డల సంరక్షణ, ఆటబడి, పెద్దబడి ఒకే చోట నుండుట వలన తమ్ముని ఎత్తుకొని వచ్చిన అక్కకును చదువు దొరకెను.

1975 అక్టోబరు 2వ తేదీన భారత ప్రభుత్వము 33 బ్లాకులలో ఆరంభించిన శిశు అభివృద్ధి పథకము ఈ అంగన్‌వాడీ పేరునే స్వీకరించినది. నేడు దేశమున 13 లక్షలకు పైగా కేంద్రములు కలవు. మన తెలుగు పల్లెలలోని కేంద్రము గూడ వాటిలో నొకటి. అది కేవలము గ్రుడ్డును, అన్నమును పెట్టు స్థలమని తలచువారు దాని పేరులోని చరిత్రను మరచినవారు.

పెద్దలారా, తారాబాయి ఏరుకొన్న సామగ్రి మన ముంగిట లేనిది కాదు. గుజ్జనగూళ్లు ఆడు పిల్ల కొబ్బరి చిప్పతో ఇసుక కొలుచుచు కొలత నేర్చుచున్నది, అత్తగా కోడలుగా మాటలాడుచు లోకరీతి నేర్చుచున్నది. వామనగుంటలలో చింతగింజ లొక్కొక్కటిగా పంచు బిడ్డకు లెక్క వ్రేళ్లకే వచ్చుచున్నది. దాగుడుమూతలలో తన వంతు వచ్చువరకు ఓర్చుకొనుట అలవడుచున్నది. ఈ ఓర్పు లేని బిడ్డకు పలక యిచ్చిన ప్రయోజనమేమి?

కావున ఒక్క విన్నపము. రేపు తీరిక చూచుకొని మీ గ్రామపు అంగన్‌వాడీకి పోయి గడియసేపు కూర్చుండుడు. ఎన్ని అక్షరములు వచ్చినవని అడుగకుడు. ఆడుకొనుటకు చోటు కలదా, నీడ కలదా, కథ చెప్పువారు కలరా యని అడుగుడు. కథ చెప్పువారు లేకున్నచో మీరే ఒకటి చెప్పుడు. మొక్క వంగుట సంగతి తరువాత చూచుకొనవచ్చును. ముందు దానికి నీరు పోయుదము.