పలకని అక్షరం, ఎరిగిన మాట



ఎరుగుట, తెలియుట అనే అర్థమిచ్చే 'నో' అనే ఇంగ్లీషు క్రియ మీకందరికీ పరిచయమే. కాదు, వద్దు అని చెప్పే 'నో' వేరు, ఇది వేరు. దీన్ని రాసేటప్పుడు ముందు 'కె' అక్షరం పెడతాం, చదివేటప్పుడు విడిచిపెడతాం. పలకని అక్షరం ఎందుకు రాయాలని మీ పిల్లలు ఎప్పుడైనా అడిగారా? అడిగితే గద్దించకండి, మంచి ప్రశ్నే.

ఒకప్పుడు ఆ అక్షరాన్ని పలికేవారు. వెయ్యేళ్ల క్రిందటి ఇంగ్లీషులో ఈ మాట 'క్నావన్'. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువారి నాలుక ఆ 'క'ను వదిలేసింది గాని, అచ్చు పుస్తకాలు వదలలేదు. ఇంకా వెనక్కి వెళ్తే ఆ 'క' స్థానంలో 'గ' ఉండేదని భాషా పండితులు చెబుతారు. గ్రీకులో 'గినోస్కో', పాత లాటిన్‌లో 'గ్నోస్కో', సంస్కృతంలో 'జ్ఞా' — అన్నీ ఒకే తల్లి బిడ్డలు. మనం జ్ఞానం అన్నప్పుడు నోట పుట్టే శబ్దాన్ని ఒకసారి గమనించండి! సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుండి వచ్చి ఉండాలని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పింది ఇలాంటి పోలికలను బట్టే.

జ్ఞానం మనకు సంస్కృతం ఇచ్చిన మాట. ఎరుగు, తెలియు మాత్రం మన సొంత ద్రావిడ మాటలు. తెలియు అనేది తెలుపుకూ, తెల్లవారుటకూ చుట్టం.

అయితే ఇంగ్లీషుకు ఒకప్పుడు రెండు క్రియలుండేవి. రెండవది 'విట్'. దాని మూలానికి చూచుట అని అర్థం. మన విద్య, వేదం అనే మాటలు కూడా ఆ మూలానివే. స్థూలంగా చెప్పాలంటే, సంగతి తెలియడానికి 'విట్', మనిషిని ఎరగడానికి, గుర్తుపట్టడానికి 'నో'. జర్మన్ భాషలో ఈ తేడా నేటికీ ఉంది. మీరు సంఘంలో లేచి సాక్ష్యం చెబుతారు కదా! సాక్షిని ఇంగ్లీషువారు 'విట్నెస్' అంటారు. అది ఈ 'విట్' నుండి పుట్టిందే. మన సాక్షిలోనూ 'అక్షి' ఉంది, అంటే కన్ను.

1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో ఆ పాత క్రియ ఇంకా బ్రతికే ఉంది. లూకా 2:49లో, దేవాలయంలో బాలయేసు అడిగిన ప్రశ్నలో 'విస్ట్' అనే రూపంలో కనబడుతుంది. తరువాత అది వాడుక తప్పింది. రెండు బరువులూ 'నో' మీదే పడ్డాయి. ఒక దేశ రాజధాని పేరు తెలిసినా 'నో', ముప్పై ఏళ్లు కాపురం చేసిన భార్యను ఎరిగినా 'నో'. ఇంగ్లీషుకు ఇది నష్టమేనని నేనంటాను. హెబ్రీలో కూడా 'యాదా' అనే ఒక్క క్రియ అన్నిటినీ మోస్తుంది, ఆ మాట నిజమే. ఆదికాండము 4:1లో ఆదాము హవ్వల దాంపత్యాన్ని చెప్పేదీ అదే. కింగ్ జేమ్స్ పండితులు అక్కడ 'నో' అనే పెట్టారు. మన తెలుగు అనువాదకులు 'కూడుట' అన్నారు.

క్రొత్త నిబంధన గ్రీకులో రెండు క్రియలూ ఉన్నాయి. 'ఓయిదా' మన 'విట్'కు బంధువు, 'గినోస్కో' మన 'నో'కు. వీటి మధ్య ప్రతిచోటా గట్టు వేయకూడదు. యోహాను చాలాసార్లు ఒకదాని బదులు మరొకటి వాడతాడు. అయినా పేతురును చూడండి. మత్తయి 26:72, 74 వచనాల్లో ఆ మనుష్యుని ఎరుగనని ఒట్టు పెట్టుకున్నది 'ఓయిదా'తోనే. తిబెరియ సముద్రతీరాన యేసు మూడవసారి అడిగినప్పుడు, యోహాను 21:17లో, అతని నోట రెండు క్రియలూ వస్తాయి. ప్రభువుకు సమస్తమూ తెలుసుననే చోట 'ఓయిదా', తన ప్రేమ ఆయనకు తెలుసుననే చోట 'గినోస్కో'. కింగ్ జేమ్స్ బైబిలులో రెండు చోట్లా ఒక్క 'నో'యే. ఆ రాత్రి ఆయనను ఎరుగనన్నవాడు, ఇక తన ప్రేమకు ఋజువేమీ చూపక, ఆయన ఎరుకకే దాన్ని అప్పగిస్తున్నాడు.