బోహు

'''బోహు''' అనునది ప్రాచీన హీబ్రూ భాషలోని ఒక అరుదైన నామవాచకము. ఖాళీ, నిర్జన స్థితి అని దీని అర్థము. హీబ్రూ బైబిలులో ఇది మూడు చోట్ల మాత్రమే కలదు: ఆదికాండము 1:2, యెషయా 34:11, యిర్మీయా 4:23. మూడు చోట్లను ''తోహు'' అను పదముతో కలిసియే వచ్చును. తోహు మాత్రము విడిగా కూడ కనిపించును. దాని ప్రయోగములు సుమారు 20.

== అర్థ నిర్ణయము ==

పదము అరుదైనందున సందర్భమే ముఖ్య ఆధారము. ఇల్లు ఖాళీగా ఉండుటను తెలుపు అరబీ ధాతువుతో పండితులు దీనిని పోల్చుదురు. యెషయాలో ఎదోము దేశ వినాశనమును తాపీపనివారి కొలనూలు, గుండులతో వర్ణించుచోట ఈ పదము వచ్చును. కట్టుటకు వాడు పనిముట్లు అచ్చట పాడుచేయుటకు కొలతలగును. యిర్మీయాలో మనుష్యులు, పక్షులు లేక, పట్టణములు కూలిన దేశమునకు ఇది వర్తించును.

== తెలుగు అనువాదము ==

వాడుకలోనున్న తెలుగు బైబిలు ఆదికాండములో తోహును ''నిరాకారము'' అనియు, బోహును ''శూన్యము'' అనియు అనువదించినది. ఈ మాటలు తెలుగు పాఠకునికి వేదాంత, బౌద్ధ పరిభాషలుగా పరిచితములు. గణితములో సున్నకును శూన్యమనియే పేరు. కావున అసలేమియు లేదని తోచవచ్చును. కాని ఆ వాక్యములో భూమియు, జలములును ఉన్నవి. లేనివి పైరులు, ప్రాణులు. ఈ భావమునకు తెలుగులో ''బీడు'', ''పాడు'' అను మాటలు దగ్గరివి.