1955 ఆంధ్ర ఎన్నికలు: ప్రచార పారుష్యం, అభ్యర్థి శీలం

1955 ఫిబ్రవరిలో జరిగిన ఆంధ్రరాష్ట్ర శాసనసభ ఎన్నికలను తెలుగు సాహిత్యచరిత్ర ప్రధానంగా ఒక వాగ్యుద్ధంగా గుర్తుంచుకొంది. నార్ల వేంకటేశ్వరరావు సంపాదకత్వంలోని ఆంధ్రప్రభ కమ్యూనిస్టు వ్యతిరేక ప్రచారంలో ముందు నిలిచింది. కమ్యూనిస్టుల పక్షాన విశాలాంధ్ర దినపత్రిక ఉంది. శ్రీశ్రీ ఆ పక్షానే ప్రచారం చేశారు. ఆనాటి అలజడి ఆయన మానసిక ఆరోగ్యాన్నే దెబ్బతీసింది. కమ్యూనిస్టులను ఓడించింది దూషణే అన్న భావనకు ఇవన్నీ ఆస్కారమిచ్చాయి.

అంకెలు ఈ భావనను పూర్తిగా సమర్థించవు. రాష్ట్రావతరణ నాటికి 140 మంది సభ్యుల సభలో కమ్యూనిస్టుల బలం సుమారు 40. 1955లో 196 స్థానాలకుగాను వారికి దక్కినవి 15 మాత్రమే. అయినా పోలైన ఓట్లలో దాదాపు 31 శాతం వారివే. పోటీ చేసిన స్థానాలు పెరగడం ఈ శాతానికి కొంత కారణం కావచ్చు. కాని దుష్ప్రచారానికి జడిసి జనం మూకుమ్మడిగా తొలగిపోయి ఉంటే ఈ సంఖ్య సాధ్యమయ్యేది కాదు. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక్క కూటమిగా నిలవడంతో వ్యతిరేక ఓటు చీలలేదు. ఆ కూటమికి 146 స్థానాలు లభించాయి.

మరి పరుషవాక్కు సాధించినదేమిటి? అన్నింటికన్నా పదునుగా పనిచేసిన కరపత్రంలో అసలు తిట్టే లేకపోవడం గమనార్హం. 1955 జనవరిలో మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూ ప్రభుత్వ విధానాలను ప్రశంసించింది. కాంగ్రెస్ ఆ ప్రశంసనే అచ్చువేసి పంచింది. నెహ్రూ ప్రభుత్వాన్ని తీవ్రంగా విమర్శిస్తూ వచ్చినవారికి సొంత ఇంటినుంచి వచ్చిన ఆ మెప్పే అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న అయింది. ఇక్కడ దెబ్బతిన్నది ప్రచారశైలి కాదు, మాటకూ స్థానానికీ నడుమ ఉండవలసిన పొందిక.

కులం సంగతి వేరు. కమ్యూనిస్టు పార్టీ కమ్మవారి పార్టీ అన్న వాదం ఆ కాలంలో బలంగా వినిపించింది. సెలిగ్ హారిసన్ 1956లో ప్రచురించిన వ్యాసంతో అది విద్వత్ చర్చకూ ఎక్కింది. కృష్ణా డెల్టాలో పార్టీ నాయకత్వాన్ని చూస్తే ఈ వాదాన్ని నిరాధారమని తోసిపుచ్చలేము. అయితే పుచ్చలపల్లి సుందరయ్య దగ్గర అది తడబడుతుంది. ఆయన పుట్టినది నెల్లూరు జిల్లా అలగానిపాడులో, రెడ్డి కుటుంబంలో. పేరు చివరి కులసూచకాన్ని తొలగించుకొన్నది ఓట్లకోసం కాదు. ఎన్నికల ఊసు లేని యౌవనంలోనే ఆ పని చేశారు. వారసత్వంగా వచ్చిన ఆస్తినీ ఉద్యమానికే ఇచ్చారు. అటువంటి వ్యక్తి తన జిల్లా కాని కృష్ణాజిల్లాలో, గన్నవరం నుంచి, పార్టీ దాదాపు తుడిచిపెట్టుకుపోయిన ఆ ఎన్నికల్లో గెలిచారు.

ఈ గెలుపును వ్యక్తిశీలానికే కట్టబెట్టడం అతిశయోక్తి. గన్నవరం ప్రాంతంలో పార్టీ నిర్మాణం దృఢమైనది. ఐనా కులం, పరదేశభక్తి అనే రెండు ఆరోపణలలో మొదటిది ఆయన జీవితానికి అంటలేదు. రెండవదానికి ఆయన పార్టీయే జవాబు చెప్పవలసి వచ్చింది. 1946 నాటి ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’లో నేల, నీరు, భాషాప్రాంతాల గురించి వాదించిన రచయిత, 1955 మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రిగా ఏర్పడిన ప్రభుత్వానికి ఎదురుగా, పదిహేనుమంది పక్షానికి నాయకుడిగా కూర్చొన్నారు.