ఎవరి కోరిక, ఎవరి పేరు? - నూలుబట్టల సుంకాల చరిత్ర

ప్రభుత్వాన్ని తన వైపు తిప్పుకోదలచిన ఏ ధనిక వర్గమూ తన కోరికను తన పేరుతో చెప్పుకోదు. "మా లాభం తగ్గుతున్నది, కాపాడండి" అని నేరుగా అర్జీ పెట్టుకునే వర్తక సంఘం అరుదు. ధర్మమో, స్వేచ్ఛో, బీదల క్షేమమో, జాతి ప్రగతో - ఏదో ఒక గొప్ప మాట చాటున నిలబడే అది మాట్లాడుతుంది. ఆ చాటును తొలగించి చూడడం చరిత్ర విద్యార్థి పని. మన దేశంలో నూలుబట్టల సుంకాల మీద 1874 నుంచి 1926 దాకా నడచిన వివాదం ఇందుకు మంచి పాఠం.

1874 నాటికి మన దేశంలో దిగుమతి బట్ట మీద నూటికి 5, నూలు మీద నూటికి మూడున్నర వంతున సుంకం ఉండేది. ఇది ఖజానా కోసం వేసిన పన్నే గాని, స్వదేశీ పరిశ్రమను పెంచడానికి వేసింది కాదు. కాని బొంబాయిలో ఆవిరి మిల్లులు తలెత్తడం చూసి మాంచెస్టరు వర్తక సంఘం కలవరపడింది. ఆ ఏడాది ఇండియా మంత్రికి అర్జీ పెట్టింది. అందులోని వాదం గమనించదగింది: ఈ సుంకం వల్ల భారతదేశపు కటిక బీదలకు బట్ట ఖరీదు పెరిగి, వారి ఆరోగ్యానికీ సుఖానికీ హాని కలుగుతున్నదట! గొర్రెలు తడుస్తున్నాయని తోడేలు ఏడ్చినట్లున్నది ఈ జాలి.

అర్జీతో వారు ఊరుకోలేదు. లాంకషైరు ఓట్లు ఇంగ్లండులో రెండు పార్టీలకూ కావాలి. సుంకం చెల్లించే భారతీయునికి ఓటే లేదు. ఈ ఒక్క తేడాలోనే ఫలితం నిర్ణయమైపోయింది. సుంకం తీసివేయడానికి వైస్రాయి నార్త్‌బ్రూక్ ఒప్పుకోలేదు. 1876లో పదవి వదులుకున్నాడు. 1877 జూలైలో, దక్షిణాదిన ధాత కరువుతో జనం మాడి చస్తూండగా, బ్రిటిష్ కామన్సు సభ ఈ సుంకాలను వీలైనంత త్వరలో ఎత్తివేయాలని తీర్మానించింది. 1879లో వైస్రాయి లిట్టన్ తన కౌన్సిలులో అధిక సంఖ్యాకుల మాట తోసివేసి, ముతక బట్టల్లో కొన్నిటిపై సుంకం తొలగించాడు. 1882 నాటికి నూలుబట్టల సుంకమంతా పోయింది. ఆ మధ్యకాలంలోనే మద్రాసు రాష్ట్రంలో ఉప్పు పన్ను పెరిగింది. మిల్లు యజమానికి మిగిలిన డబ్బు ఎవరి గంజిలో నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

1894లో ఖజానా ఖాళీ అయి సుంకాలు మళ్లీ వేయవలసి వచ్చింది. లాంకషైరు మళ్లీ లేచింది. ఈసారి యజమానులతోబాటు అక్కడి నేత కార్మికుల సంఘాలు కూడా గొంతు కలిపాయి. యజమాని లాభమే తమ కూడు అని కార్మికుని నమ్మించగలగడం కంటే ప్రజాభిప్రాయ నిర్మాణంలో పెద్ద విజయం ఏముంటుంది? 1896లో దిగుమతి బట్ట మీద మూడున్నర వంతు సుంకం నిలిపి, మన మిల్లుల బట్ట మీద కూడా అంతే ఎక్సైజు పన్ను వేశారు. లాంకషైరుతో ఏ పోటీలేని ముతక బట్టకూ పన్ను తప్పలేదు. 1874లో ఏ బీదవాని బట్ట గురించి కన్నీరు కార్చారో, ఆ బట్టమీదనే ఇప్పుడు పన్ను పడింది.

బొంబాయి యజమానులు దీన్ని జాతికి జరిగిన అన్యాయమన్నారు. అది నిజం కూడా. కాని వారు పలికిన 'జాతి'లో వారి కూలీలకు చోటున్నదా? ఇక్కడి మిల్లుల్లో పసిపిల్లల చాకిరీ గురించి లాంకషైరు గోల పెట్టినప్పుడు అందులో స్వార్థం ఉన్నమాట వాస్తవమే. చాకిరీ కూడా అంతే వాస్తవం. 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ల లోపు పిల్లల పనిని మాత్రమే నిషేధించింది. పన్నెండేళ్ల లోపు వారికి రోజుకు తొమ్మిది గంటల పని నిర్ణయించింది. ఆపాటి చట్టమూ యజమానులకు కంటగింపైంది. కార్మికులు తమ మాట తామే చెప్పడం 1884లో కనబడుతుంది. బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే సభ జరిపి, వారాంతపు సెలవు మొదలైన కోర్కెలతో 5,500 మంది సంతకాల మహజరు సమర్పించాడు. 1891 చట్టంలో వారపు సెలవు చోటు చేసుకొంది.

చివరి ఘట్టం 1925. వ్యాపారం మందగించిందని యజమానులు కూలి నూటికి పదకొండున్నర వంతు కోశారు. సుమారు లక్షన్నర మంది కార్మికులు సమ్మె కట్టి, రెండు నెలలకు పైగా పస్తులతో నిలిచారు. డిసెంబరులో ప్రభుత్వం ఎక్సైజు పన్ను వసూలు నిలిపింది. యజమానులు కూలి కోత మానుకున్నారు. 1926లో ఆ పన్ను రద్దయింది. ముప్పై ఏళ్ల అర్జీలు సాధించలేని దాన్ని రాబట్టడంలో కార్మికుల ఆకలికి పెద్ద పాలున్నది. దాని ఫలం యజమానికి పన్ను రద్దు. కార్మికునికి దక్కింది పాత కూలి మాత్రమే.

మరి మగ్గం గుంటలో కూర్చున్న మన నేతగాని సంగతి? మాంచెస్టరు బట్టా, బొంబాయి బట్టా అతని బజారునే పంచుకున్నాయి. అతనికి వర్తక సంఘం లేదు, పత్రిక లేదు, ఓటు లేదు. అందుచేత ఈ సుదీర్ఘ వాదప్రతివాదాల్లో అతని బాధ ఎవరి అర్జీకీ ప్రధానాంశం కాలేదు.

కనుక ఏ విజ్ఞప్తి చదివినా మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఎవరి పేరు చెబుతున్నది? నెగ్గితే ఎవరి పెట్టె నిండుతుంది? ఎవరి మాట ఇందులో లేదు? మూడవ ప్రశ్నే అన్నిటికంటె ముఖ్యమైనది. మాట లేనివారికి మాట నిర్మాణం వల్లనే వస్తుంది. ఇతరుల జాలి వల్ల రాదు.