నల్లని యిసుకపై రాత్రి కావలి

మధ్య అమెరికాలోని కోస్టరికా దేశమున, కరీబియను సముద్రపు టొడ్డున, టోర్టుగెరో అను చిన్న గ్రామము కలదు. స్పానిషు భాషలో 'టోర్టుగా' యనగా తాబేలు. తాబేళ్ళను పట్టువాడని యా గ్రామనామమునకు అర్థము. ఒక ప్రక్క సముద్రము, మరియొక ప్రక్క కాలువలు, వాని వెనుక వాన తెరపి యెరుగని దట్టపుటడవి. ఆ యూరికి నేటికిని రోడ్డు లేదు. పడవమీదనో, చిన్న విమానముమీదనో పోవలయును. ఊరికి దక్షిణముగా సుమారు 35 కిలోమీటర్ల పొడవున ఇసుకతీరము సాగియున్నది. అగ్నిపర్వతముల రాతినుండి పుట్టిన యిసుక యగుటచే అది నల్లగా నుండును. ఏటేటా జులై మొదలు అక్టోబరు వరకు వేలకొలది పచ్చ తాబేళ్ళు రాత్రివేళ ఆ యిసుకపైకి వచ్చి గ్రుడ్లు పెట్టి మరల సముద్రమున కలిసిపోవును. అట్లాంటికు మహాసముద్రమున పచ్చ తాబేళ్ళు గ్రుడ్లు పెట్టు తావులలో ఇంతకంటె పెద్దది లేదు.

ఆ తాబేళ్ళ ననుసరించి మనుష్యులును వచ్చుచున్నారు. దూరదేశముల విద్యార్థులు, ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయులు, సెలవు పెట్టి వచ్చిన నర్సులు — చీకటిలో తీరము వెంబడి మైళ్ళకొలది నడచి, తాబేళ్ళను లెక్కించి తెల్లవారకమున్నే పడకకు చేరుదురు. వారికి జీతము లేదు. పైగా తమ భోజన వసతులకు చాలమంది తామే సొమ్ము చెల్లింతురు. ఇట్టి స్వచ్ఛంద సేవ యెట్లు పుట్టినది? దానివలన మేలు పొందినవారెవరు? దాని వెల చెల్లించినవారెవరు? ఈ ప్రశ్నలకు ఆ నల్లని తీరపు చరిత్రయే సమాధానము చెప్పగలదు.

పచ్చ తాబేలునకు ఆ పేరు దాని పై డిప్పనుబట్టి రాలేదు. లోపలి క్రొవ్వు రంగునుబట్టి వచ్చినది. ఆ క్రొవ్వే దానికి మృత్యువైనది. 1503వ సంవత్సరమున కొలంబసు తన నాలుగవ యాత్రలో రెండు చిన్న దీవుల సమీపమునకు వచ్చి, చుట్టు సముద్రమంతయు తాబేళ్ళతో నిండియుండుట చూచి, వానికి తాబేళ్ళ దీవులని పేరు పెట్టెను. నేటి కేమను దీవులలోనివే యవి. తరువాత వచ్చిన నావికులకు తాబేలు దైవమిచ్చిన ఆహారమువలె తోచెను. వెల్లకిల వేసిన తాబేలు కదలలేదు. ఓడలో మేతయు నీరును లేకయే వారములకొలది ప్రాణముతో నుండును. మంచుపెట్టెలు లేని ఆ కాలమున నడిసముద్రములో తాజా మాంసమునకు ఇంతకంటె సులభోపాయము వేరొకటి లేకుండెను. ఆ పిమ్మట లండను నగరపు విందులలో తాబేలు సూపు ఘనతకు గురుతైనది. కేమను దీవుల తాబేళ్ళు రెండు మూడు శతాబ్దములలోనే అడుగంటెను. ఆ దీవుల జాలరులు క్యూబా దక్షిణతీరమునకును, అక్కడ తరిగిన పిదప నికరాగ్వా తీరమునకును పోవలసినవారైరి.

హెచ్చరిక వినిపించినవారు లేకపోలేదు. బెర్ముడా దీవులలోని ఆంగ్ల వలస ప్రజల సభ 1620లోనే చిన్న తాబేళ్ళను చంపరాదని శాసనము చేసెను. నాలుగు వందల యేండ్ల క్రిందటి యా శాసనమును చూచిన, తెలియక చేసితిమని మానవుడు చెప్పుకొనుట కవకాశము లేదని తోచును. తెలిసియు ఆగలేకపోవుటయే ఇందలి దుఃఖము.

ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమునాటికి టోర్టుగెరో తీరమునకును అదే గతి పట్టుచుండెను. తీరమును మైలు మైలుగా విభజించి, ఒక్కొక్క మైలును ఒక్కొక్క మనుష్యున కప్పగించెడివారు. అతనిని 'వెలడోరు' అనిరి. రాత్రియంతయు మేలుకొని యుండువాడని ఆ మాట కర్థము. గ్రుడ్లు పెట్టవచ్చిన తాబేలును వెల్లకిల త్రిప్పివేయుట అతని పని. తరువాత వానిని పడవలలో లిమోను రేవునకు తరలించెడివారు. గ్రుడ్లను త్రవ్వుకొని పోవువారు వేరు. తల్లియు పోయి, గ్రుడ్లును పోయిన తావున మరుసటి తరమెక్కడిది?

అట్టి సమయమున అచ్చటికి వచ్చినవాడు ఆర్చీ కార్. అమెరికాలోని ఫ్లారిడా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడు. 1909లో జన్మించి 1987లో మరణించిన యా విద్వాంసుడు తన జీవితమున ఎక్కువ భాగము తాబేళ్ళకే ధారపోసెను. తాబేళ్ళు ఎక్కడినుండి వచ్చును, ఎక్కడికి పోవును అను ప్రశ్నకు ఆనాడు శాస్త్రజ్ఞులయొద్ద సమాధానము లేదు. జాలరులు మాత్రము అవి వేల మైళ్ళు పోయి పుట్టినచోటికే తిరిగివచ్చునని చెప్పుకొనుచుండిరి. ఆ మాటను పరీక్షింపదలచి 1955లో కార్ టోర్టుగెరోలో తాబేళ్ళకు గురుతులు తగిలింప నారంభించెను. మొదట డిప్పకు తీగతో కట్టిన బిళ్ళలు నిలువలేదు. తరువాత పశువుల చెవులకు వేయు లోహపు బిళ్ళలను ముందు రెక్కకు తగిలించిరి, అవి నిలిచెను. బిళ్ళను తిరిగి పంపినవారికి అయిదు డాలర్ల బహుమానము దొరకునని దానిపై తెలిపిరి.

ఉత్తరములు రాసాగెను. జాలరులు తామో, వ్రాత వచ్చినవారిచేతనో, తాబేలెక్కడ దొరకినది వ్రాయించి పంపిరి. వానిలో పెక్కు నికరాగ్వా తీరమున, సముద్రపు గడ్డి విస్తారముగా పెరుగు మిస్కిటో ప్రాంతమునుండి వచ్చినవి. తాబేళ్ళు అక్కడ మేసి, గ్రుడ్లు పెట్టుటకు ఇక్కడికి వచ్చుచున్నవని తేలెను. మరి కొన్ని సంవత్సరములకు అవే తాబేళ్ళు అదే బిళ్ళతో అదే నల్లని తీరమునకు తిరిగివచ్చెను. జాలరుల మాట నిజమైనది. ఒక దేశమున గ్రుడ్లు పెట్టి వేరొక దేశమున మేయు ప్రాణిని ఏ యొక్క దేశమును ఒంటరిగా కాపాడలేదని కూడ దానితో రుజువైనది.

1956లో కార్ తన ప్రయాణములను గూర్చి 'ది విండ్‌వర్డ్ రోడ్' అను గ్రంథమును ప్రకటించెను. దానిని చదివిన జాషువా పవర్స్ అను పత్రికా వ్యాపారి మనసు కరగి, ప్రతులు కొని మిత్రులకు పంచి, 'పచ్చ తాబేటి సోదర సంఘము' అను పేరుతో ఒక చిన్న బృందమును కూర్చెను. వినోదముగా మొదలైన యా సంఘమే 1959లో కరీబియను సంరక్షణ సంస్థగా రూపొందెను. 2010 నుండి అది సముద్రపు తాబేళ్ళ సంరక్షణ సంస్థ యను పేరుతో నడచుచున్నది.

ఆ సంస్థ తొలి ప్రయత్నములలో నొకటి విఫలమైనదని చెప్పుట న్యాయము. టోర్టుగెరోలో పొదిగిన పిల్లలను అమెరికా నౌకాదళ విమానములలో కరీబియను తీరములకు పంచి విడిచిపెట్టిరి. అవి పెరిగి అక్కడనే గ్రుడ్లు పెట్టి, నశించిన సంతతులను పునరుద్ధరించునని వారి ఆశ. ఆ ప్రయత్నమువలన క్రొత్త సంతతు లేర్పడినట్లు నిదర్శనము దొరకలేదు. గొప్ప యత్నము నిష్ఫలమైనది. గురుతు తగిలించుట, లెక్కించుట, ఏటేటా తిరిగివచ్చి మరల లెక్కించుట యను సామాన్యపు పని ఫలించినది.

ఆ లెక్కలే ప్రభుత్వముల నొప్పించుటకు ఆధారమయ్యెను. టోర్టుగెరో 1970లో ప్రభుత్వపు టుత్తరువుచే జాతీయవనమయ్యెను. 1975లో దానికి చట్టబలము కలిగెను. నికరాగ్వాలో 1969 నుండి తాబేటి మాంసమును ఎగుమతి చేసిన కర్మాగారములు 1977తో మూతపడెను. ఆ తీరపు మిస్కిటో ప్రజలు తమ ఆహారముకొరకు చేయు వేట మాత్రము ఇంకను సాగుచున్నది.

ఇక స్వచ్ఛంద సేవకుల మాట. పరదేశమునకు పోయి జీతము లేక పనిచేయుట యను ఉద్యమమునకు మన దేశముతో సంబంధము కలదు. స్విట్జర్లాండు దేశీయుడగు పియరు సెరెసోల్ 1920లో, యుద్ధమున ధ్వంసమైన ఫ్రాన్సు గ్రామ మొకదానిని పునర్నిర్మించుటకు నానాదేశ యువకులను కూర్చెను. నిన్నటి శత్రువులు చేరి పలుగు పార పట్టుటయే అందలి సందేశము. 1931లో గాంధీజీ స్విట్జర్లాండు వెళ్ళినపుడు అతడాయనను కలిసికొనెను. 1934 జనవరి 15న బీహారులో భూకంపము రాగా, సెరెసోల్ కొలదిమంది మిత్రులతో వచ్చి గ్రామములను కట్టుటలో పాల్గొనెను. తరువాత 1958లో బ్రిటనునందు, 1961లో అమెరికాయందు యువజనులను విదేశసేవకు పంపు సంస్థలు వెలసినవి. 1971లో బోస్టను నగరమున పుట్టిన యొక సంస్థ, సామాన్యులను శాస్త్రజ్ఞులకు సహాయకులుగా పంపు పద్ధతిని వ్యాపింపజేసెను. అదియే నేటి ఎర్త్‌వాచ్. వారు చెల్లించు సొమ్ముతోనే పరిశోధన సాగును. టోర్టుగెరోవంటి తావులకు సామాన్యులు సహాయకులుగా వచ్చుట కిట్లు దారి పడెను.

అక్కడ వారి పని చూచుటకు తేలిక, చేయుటకు కష్టము. తెల్లని దీపము వాడరాదు, తాబేలు బెదరి వెనుకకు మరలును. గ్రుడ్లు రాలుచుండగా గుంటలో చేయి చాపి లెక్కింపవలయును. ఒక్కొక్క గూటిలో నూటికి పైబడి యుండును. గ్రుడ్లు పెట్టుట ముగిసిన తరువాతనే బిళ్ళను తగిలించి డిప్పను కొలుతురు. రెండు నెలలకు పిల్లలు వెడలిన పిదప గూటిని త్రవ్వి, ఖాళీ పెంకులెన్ని, చెడినవెన్ని అని మరల లెక్క. ఏటా ఇట్లు కూడిన అంకెలవలననే, 1971 మొదలు 2003 వరకు అచ్చటి గూళ్ళు అనేక రెట్లు పెరిగినవని తెలిసినది. కాని 2023లో ప్రకటింపబడిన పరిశీలన ఇటీవలి సంవత్సరములలో మరల తరుగుదల కలిగినదని తెలిపెను. 2025లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము పచ్చ తాబేలును ప్రపంచమంతట అపాయము తగ్గిన జాతిగా లెక్కించినను, టోర్టుగెరో కావలి మానరాదని ఈ అంకెలే చెప్పుచున్నవి.

గ్రామపు గతి యేమైనది? 1990వ దశకపు తొలి సంవత్సరములనుండి గ్రామస్థులకే తర్ఫీదునిచ్చి, తాబేళ్ళను చూడవచ్చు యాత్రికులకు వారినే మార్గదర్శకులుగా నియమించిరి. తాబేటి మాంసమువలన ఒక్కసారి వచ్చు ధనముకంటె, బ్రతికియున్న తాబేటిని చూపుటవలన ఏటేటా వచ్చు ధనము మేలని యూరివారు గ్రహించిరి. ఒకనాడు తాబేలును వెల్లకిల వేయుటకు మేలుకొన్న తావుననే నేడు దానిని కాచుటకు మేలుకొనువారు కలరు.

కాని ఈ కథ అంతటను ఇంత సౌమ్యముగా ముగియలేదు. అదే తీరమున దక్షిణముగా, లిమోను సమీపమున మోయిను అను ఇసుకతీరము కలదు. అచ్చట పెను తోలు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లను దొంగిలించి అమ్ము ముఠాలును కలవు. 2013 మే 30వ తేది రాత్రి హైరో మోరా అను 26 ఏండ్ల స్థానిక యువకుడు నలుగురు విదేశ సేవికలతో కావలికి బయలుదేరెను. దుండగులు వారిని అడ్డగించిరి. ఆ స్త్రీలు నిర్బంధమునుండి తప్పించుకొనగలిగిరి. హైరో మరునాటి ఉదయమున అదే తీరమున శవమై కనబడెను. మొదటి విచారణలో నిందితులు హత్యానేరమునుండి విముక్తులైరి. మరల జరిగిన విచారణలో 2016న నలుగురికి శిక్ష పడెను.

ఈ యుదంతము స్వచ్ఛంద సేవను గూర్చి ఒక కఠిన సత్యమును చెప్పుచున్నది. అతిథి సేవ ముగియగనే తన దేశమునకు పోవును. స్థానికుడు అక్కడనే యుండును. దొంగ యెవడో అతనికి తెలియును. అతడెవడో దొంగకును తెలియును. అతిథి వలన సొమ్ము వచ్చును, చేతులు వచ్చును, లోకము దృష్టి వచ్చును; ఇవి విలువైనవే. కాని రెండు వారములుండు వాని యుత్సాహమును నమ్ముకొని స్థానికుని రక్షణ మరచిన సంస్థ, తాబేలును కాపాడి మనుష్యుని కోల్పోవును. భాష రాని యువకుడు బడిలో పాఠము చెప్పిన, అతడు పోయిన మరునాడు ఆ పాఠమును సాగించువారెవరని ముందుగనే అడుగవలయును. స్థానికుడు చేయగల పనిని అతిథి ఉచితముగా చేసి అతని కూలి పోగొట్టరాదు.

టోర్టుగెరో మనకు సుదూరము. తాబేళ్ళు మాత్రము దూరము కావు. ఒడిశాలోని గహిర్‌మఠ తీరమున వేలకొలది తాబేళ్ళు ఒక్కసారి గ్రుడ్లు పెట్టు వింతను 1974లో శాస్త్రలోక మెరిగినది. చెన్నపట్టణమున 1988 నుండి విద్యార్థులు సంఘముగా నేర్పడి రాత్రులు తీరము వెంబడి నడచి గ్రుడ్లను భద్రపరచుచున్నారు. ఆ జాతి తాబేళ్ళే శీతకాలపు చివరి రాత్రులలో మన కోస్తా తీరమునకును వచ్చును. మన జాలరి పల్లెల వృద్ధులకు అవి తెలియని అతిథులు కావు. పరదేశపు సేవకు పోదలచిన మన పిల్లలు పోవచ్చును; పోయి నేర్చుకొని రావచ్చును. పోకముందు ఒక్క రాత్రియైనను మన తీరమున, మన జాలరి వెంట, దీపము లేక నడచినచో, తాము అచ్చట అతిథులమనియు, ఇంటివాడు వేరొకడు కలడనియు వారికి తెలిసివచ్చును. ఆ వినయముతో పోవువారి సేవయే ఏ తీరమునకైనను పనికివచ్చును.