ఎదురుచూసే ప్రోగ్రాము

పహాడీ షరీఫ్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయం చేరిన ప్రయాణికుడికి టెర్మినల్‌లో చెక్‌ఇన్ కియోస్క్ కనిపిస్తుంది. ఆ తెర ఊరికే ఉన్నట్టుంటుంది గానీ, నిజానికి ఎదురుచూస్తుంటుంది. వేలు తగిలినప్పుడే కదులుతుంది. మధ్యలో భాష మార్చినా, వెనక్కి వెళ్లినా, మొత్తం రద్దు చేసినా దానికి సమ్మతమే. ఈ ఓర్పు యంత్రానికి పుట్టుకతో వచ్చింది కాదు, నేర్పితే వచ్చింది. ఇలా నేర్పే తీరునే మనం ఈవెంట్ ఆధారిత ప్రోగ్రామింగ్ అంటాం. అది కోడ్ రాసే ఒక పద్ధతి మాత్రమే కాదు. మనిషికీ యంత్రానికీ మధ్య పెత్తనం చేతులు మారిన చరిత్ర అది. అందులో హైదరాబాదుకూ ఒక అధ్యాయం ఉంది.

ఈ పద్ధతి రాకముందు పెత్తనం ప్రోగ్రాముదే. పేరు అడిగేది, టైప్ చేసేదాకా ఆగేది, తర్వాత వయసు అడిగేది. ఆ వరుస తప్పడానికి వీల్లేదు. మౌస్, తెరమీది కిటికీలు (విండోలు) వచ్చాక ఆ వరుస నిలవలేదు. 1973లో జిరాక్స్ పార్క్‌లో తయారైన ఆల్టో ఈ దారి చూపింది, 1984లో మాకింటాష్, 1985లో విండోస్ దాన్ని జనంలోకి తెచ్చాయి. ప్రతి క్లిక్కూ, ప్రతి మీట నొక్కూ ఒక సందేశమై క్యూలో నిలబడుతుంది. ప్రోగ్రాము ఒక్కో సందేశాన్నీ తీసుకుని, సంబంధించిన కిటికీకి అప్పగించి, మళ్లీ క్యూ దగ్గరికి వస్తుంది. హార్డ్‌వేర్ ఇంటరప్టులు ఎప్పటినుంచో ఉన్నాయి, ఇందులో కొత్తేముందని అడగవచ్చు. ఇంటరప్టు వచ్చినప్పుడు ప్రోగ్రాము కాసేపు ఆగి, తిరిగి తన దారినే పోయేది. ఇక్కడ ప్రోగ్రాముకు తనదంటూ దారే లేదు. జవాబులు రాసేది ప్రోగ్రామరే, ప్రశ్నల వరుస మాత్రం వాడేవారిది. ఈ ఏర్పాటుకు మూల్యమూ ఉంది. విండోస్ 3.1లో ఒక ప్రోగ్రాము తనకొచ్చిన సందేశంతో పని ముగించి తిరిగి రాకపోతే, మిగతా విండోస్ ప్రోగ్రాములన్నీ బిగుసుకుపోయేవి. అందరూ త్వరగా పని ముగించి చోటిస్తేనే సాగే పద్ధతి అది.

1991లో విజువల్ బేసిక్ ఇలా జవాబులు రాసే పనిని సులువు చేసింది. ఫారం మీద బటన్ గీసి, దానిమీద రెండుసార్లు క్లిక్ చేస్తే కమాండ్1_క్లిక్ అనే ఖాళీ చోటు తెరుచుకునేది. అందులో జవాబు రాస్తే చాలు, క్యూ సంగతి పట్టించుకోనక్కర్లేదు. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో ఎందరో కోడ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది ఆ ఖాళీ చోటుతోనే.

బటన్ నొక్కితే కబురు కోడ్‌కు ఎలా చేరాలన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. జావాలో లిజనర్ పద్ధతి ఉండేది. మైక్రోసాఫ్ట్ తన విజువల్ జె ప్లస్ ప్లస్‌లో డెలిగేట్లను చేర్చింది. డెలిగేట్ అంటే ఒక మెథడ్ తరఫున కబురందుకునే ప్రతినిధి. జావాను రూపొందించిన సన్ సంస్థ 1997లో మైక్రోసాఫ్ట్‌పై మొదలుపెట్టిన వ్యాజ్యంలో ఈ డెలిగేట్లూ వివాదాంశమయ్యాయి. 2001లో రాజీ కుదిరింది. జె ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రోగ్రాములకు మైక్రోసాఫ్ట్ కొత్త వేదిక డాట్‌నెట్ వైపు దారి చూపే పని హైదరాబాదులో 1998లో మొదలైన మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ చేతికొచ్చింది. జావా వ్యాకరణంతోనే డాట్‌నెట్‌కు రాసేందుకు 2002లో వెలువడిన విజువల్ జె షార్ప్ అక్కడ తయారైందే. దాని నేర్పు ఒక చిన్న చోట కనిపిస్తుంది. డాట్‌నెట్ భాష సి షార్ప్‌లో కూడిక, సమానం గుర్తులతో బటన్‌కు జవాబును తగిలిస్తారు. జావా వ్యాకరణంలో దానికి చోటు లేదు. అందుకే జె షార్ప్‌లో యాడ్_క్లిక్ అనే మెథడ్‌ను పిలిచి అదే పని చేస్తారు. పాత వ్యాకరణం చెడలేదు, కొత్త వేదికా అందింది.

జె షార్ప్ 2005 విజువల్ స్టూడియోతోనే ఆగిపోయింది కదా, దాన్ని తలచుకోవడం దేనికని కొందరంటారు. భాష ఆయుష్షుతోనే పని విలువ కడితే ఆ మాట నిజమే. కానీ ప్రోగ్రాము వాడేవారికి భాష పేరుతో పని లేదు. నిన్న పలికిన బటన్ ఇవాళ కూడా పలికితే వారికి అదే చాలు. ఆ భరోసా నిలబెట్టడం కొత్తది కనిపెట్టడానికి ఏమాత్రం తీసిపోదు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ చరిత్ర రాసేవారు భవనాలనూ ఉద్యోగాల లెక్కలనూ దాటి, ఇక్కడ తయారైన ఇలాంటి పనిముట్లను కూడా పేరుపేరునా నమోదు చేయాలి.