విశ్వాసాంతరం: సమష్టి సగటు పాఠం, దాని చరిత్ర

నమూనాను చూసి సమష్టి సగటును అంచనా వేసినప్పుడు, ఆ అంచనా ఎంతమేర అటూ ఇటూ కావచ్చో చెప్పే రెండు హద్దుల నడిమి భాగమే విశ్వాసాంతరం. డిగ్రీ తరగతుల్లో మాత్రం అందరూ దాన్ని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అనే అంటారు. నమూనా సగటు, క్రమ విచలనం, టి పట్టికలో ఒక అంకె ఉంటే చాలు, హద్దులు రెండు నిమిషాల్లో తేలతాయి. వాటికి అర్థం ఏమిటని అడిగితేనే ఫస్ట్ క్లాసు విద్యార్థి కూడా తడబడతాడు. ఈ పాఠం చరిత్ర చాలావరకు ఆ తడబాటు చుట్టూనే తిరిగింది. దీన్ని నేర్పడానికి కావలసిన సరంజామా కోనసీమలో ఏటా సార్వాకూ దాళ్వాకూ పొలంలోనే దొరుకుతుంది. దాని పేరు పంట కోత ప్రయోగం.

పుట్టుక

నాలుగైదు కొలతలతో సగటు గురించి తీర్పు చెప్పే దారి 1908లో దొరికింది. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి విలియం సీలీ గాసెట్ ఆ ఏడాది ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ఒక వ్యాసం ప్రచురించాడు. దాన్నే తర్వాత గణాంకవేత్త ఫిషర్ సవరించి టి పట్టికగా నిలబెట్టాడు. అయితే గాసెట్ లెక్కలో విశ్వాసాంతరం అనే భావన ఇంకా లేదు.

అది ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నలోంచి వచ్చింది. 1930 ప్రాంతంలో వార్సాలో వాత్స్వాఫ్ పిత్కోవ్‌స్కీ చిన్న కమతాల రాబడిని పరిశీలిస్తున్నాడు. తన అంచనా ఎంత కచ్చితమో, ముందే ఏదీ ఊహించుకోకుండా ఎలా చెప్పాలని గురువు జెర్జీ నేమన్‌ను అడిగాడు. నేమన్ జవాబు ముందు పాఠాల్లోకి, తర్వాత 1932లో పిత్కోవ్‌స్కీ పుస్తకంలోకి చేరింది. లండన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీలో నేమన్ దాన్ని 1934లో వివరించాడు. పూర్తి సిద్ధాంతం 1937లో అచ్చయింది. కొత్త సిద్ధాంతాలు సాధారణంగా పత్రికలో వెలువడ్డాకే తరగతికి వస్తాయి. ఇది తరగతిలో మొదలై పత్రికకు వెళ్లింది.

1934 సభలోనే పేరున్న గణాంకవేత్త ఆర్థర్ బౌలీ ఒక అభ్యంతరం లేవదీశాడు. మనకు కావలసింది సమష్టి విలువ ఈ హద్దుల మధ్య ఉండే సంభావ్యత కదా, ఈ పద్ధతి దాన్ని ఇస్తుందా అని అడిగి, ఇవ్వదనే తన అభిప్రాయమని చెప్పాడు. ఆయన అన్నది నిజమే. నేటి విద్యార్థి పరీక్షలో తప్పుగా రాసేది సరిగ్గా బౌలీ కోరుకున్న ఆ వాక్యమే. అంతటివాడికి సహజంగా తోచిన కోరిక పందొమ్మిదేళ్ల కుర్రవాడికీ తోస్తే, దాన్ని మందబుద్ధి అనడం అన్యాయం.

పొలంలోకి

మన దేశంలో ఈ ఆలోచన వరిచేను గుండా వచ్చింది. 1920లలో బిహార్, ఒరిస్సాలలో జె.ఎ. హబ్బక్ అనే అధికారి ఎకరంలో 3200వ వంతు ఉండే త్రికోణపు చట్రాన్ని యాదృచ్ఛికంగా చేలలో వేయించి, లోపలి పైరు కోయించి తూచేవాడు. తర్వాత బెంగాల్‌లో మహలనోబిస్, వ్యవసాయ పరిశోధన మండలిలో పి.వి. సుఖాత్మే ఆ పనిని విస్తరించారు. సుఖాత్మే లండన్‌లో నేమన్ దగ్గర చదువుకున్నవాడు. కోత గడి ఎంత పెద్దదిగా ఉండాలన్న దానిమీద మహలనోబిస్‌కూ ఆయనకూ గట్టి వాదమే నడిచింది. గడి చిన్నదైతే గీత మీది దుబ్బులను లోపలివిగా లెక్కేసే అవకాశం ఎక్కువని, దిగుబడి ఉన్నదానికన్నా పెరిగి కనిపిస్తుందని సుఖాత్మే 1946లో చూపించాడు.

నేడు వరికి 5 మీటర్ల చదరం వేస్తారు. ఏ సర్వే నంబరన్నది యాదృచ్ఛిక సంఖ్యలే తేలుస్తాయి. ఎంపికైన చేలో నైరుతి మూల నిలబడి, పొడవు వెంట ఇన్ని అడుగులు, వెడల్పు వెంట ఇన్ని అడుగులు నడుస్తారు. ఆ అడుగుల లెక్కా ముందే నిర్ణయమై ఉంటుంది. కాలు ఆగినచోట మేకు దిగుతుంది. తాడు కట్టాక కర్ణం 7.07 మీటర్లు వచ్చిందో లేదో చూస్తారు. రాకపోతే మూలలు సరిగా తిరగలేదన్నమాట. పైరు కోసి, నూర్చి, గింజ తూచి, కొంత ఎండబెట్టి మళ్లీ తూస్తారు. గట్టు పక్కన ఏపుగా ఎదిగిన చోటు చూపించి ఇక్కడ కొయ్యండని ఎవరో చెప్పిన మాట వింటే, ఆ తర్వాత కట్టే ఏ విశ్వాసాంతరానికీ విలువ ఉండదు. సూత్రం నమూనా చెదురును మాత్రమే కొలుస్తుంది. పక్షపాతం దాని కంటికి ఆనదు.

తరగతి కోసం ఒక ఊహాలెక్క చూద్దాం. 16 గడులలో సగటు 14 కిలోలు, క్రమ విచలనం 2.4 కిలోలు. ప్రామాణిక దోషం 2.4ను 16 వర్గమూలం 4తో భాగిస్తే 0.6. 95 శాతం స్థాయిలో పదిహేను స్వేచ్ఛాంశాలకు టి విలువ 2.131. హద్దులు 12.72, 15.28 కిలోలు. ఎకరంలో ఇలాంటి గడులు దాదాపు 162 పడతాయి కాబట్టి, 75 కిలోల బస్తాల లెక్కన ఎకరానికి సుమారు 27.5 నుంచి 33 బస్తాలు.

ఇప్పుడు గడులు నాలుగే అనుకుందాం. ఇది ఊహకందని సంఖ్యేమీ కాదు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మార్గదర్శకాలు గ్రామం యూనిట్‌గా ఉన్నచోట ప్రధాన పంటకు కనీసం అడిగేది నాలుగు కోతలే. సగటు, విచలనం అవే ఉన్నా టి విలువ 3.182కు పెరుగుతుంది, ప్రామాణిక దోషం 1.2 అవుతుంది. హద్దులు ఎకరానికి దాదాపు 22 నుంచి 38 బస్తాలకు విస్తరిస్తాయి. బీమా పరిహారం మాత్రం ఆ విస్తృతిని చూడదు. ఒక్క సగటు అంకెను ముందే నిర్ణయించిన హామీ దిగుబడితో పోల్చి తీర్పు చెబుతుంది. కోనసీమలోనే కొత్తపేట వైపు మెరక చేనుకూ, డ్రెయిన్లు పొంగితే మునిగే రాజోలు, సఖినేటిపల్లి చేలకూ దిగుబడి ఒకేలా ఉండదు. ఖర్చు, గిట్టుబాటు కుదరక 2011 సార్వాలో పంట విరామం ప్రకటించిన సీమ ఇది. ఇక్కడి విద్యార్థికి బస్తాల తేడా అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

తరగతి గదిలో

తెలుగునాట ఈ విషయం చెప్పుకుంటే సి.ఆర్. రావు పేరు రాక మానదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు, అక్కడి విశ్వవిద్యాలయంలో అంచనా సిద్ధాంతం బోధిస్తుండగా, వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి ఒక సందేహం అడిగాడు. పెద్ద నమూనాలకు ఫిషర్ చెప్పిన అసమీకరణం చిన్న నమూనాలకూ వర్తిస్తుందా అని. రావు ఆ రాత్రే దాన్ని సాధించాడు. 1945లో అచ్చైన ఆ ఫలితమే క్రామర్–రావు అసమీకరణం. పక్షపాతం లేని అంచనా ఎంత నేర్పుగా కట్టినా, దాని చెదురు ఒక కనీస మట్టం కంటే తగ్గదని అది చెబుతుంది. సామాన్య విభాజనంలో నమూనా సగటు సరిగ్గా ఆ మట్టాన్నే అందుకుంటుంది. ఇరుకైన హద్దుల కోసం సగటును వదిలి మరో తెలివైన అంచనా వెతకనక్కర్లేదని విద్యార్థికి చెప్పదగిన కారణం ఇదే.

2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా కోనసీమ డిగ్రీ కాలేజీలు ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. పాఠ్యప్రణాళికలు ఎన్ని మారినా గుప్తా, కపూర్‌ల లావుపాటి పుస్తకం స్టాటిస్టిక్స్ విద్యార్థుల బల్ల మీద నుంచి కదల్లేదు. సూత్రాల ఉత్పాదనలకు అది మంచి పుస్తకం. అర్థం చెప్పే పని మాత్రం మాస్టారిదే.

తప్పుడు అర్థాల్లో అన్నిటికన్నా మొండిది: 95 శాతం చేలు ఎకరానికి 27.5కూ 33 బస్తాలకూ మధ్య పండుతాయనడం. విశ్వాసాంతరం సగటుకు సంబంధించింది, చేలకు కాదు. గడులను 16 నుంచి 64కు పెంచితే హద్దులు సగానికి ముడుచుకుంటాయి. చేలు మాత్రం ఎప్పటిలాగే కొన్ని బాగా, కొన్ని తక్కువగా పండుతాయి. రెండోది, మళ్లీ నమూనా తీస్తే దాని సగటు 95 శాతం సార్లు ఈ హద్దుల్లోనే పడుతుందనడం. కమ్మింగ్, మేయార్డెట్‌లు 2006లో లెక్కించి చూపినట్టు అలా పడేది సగటున 83 శాతమే. మూడోది బౌలీ కోరిన వాక్యం. ఊరి అసలు సగటు కదలని అంకె. నమూనా మారితే కదిలేవి హద్దులే. హద్దులు ఒకసారి చేతికొచ్చాక అసలు సగటు వాటిలో ఉంటుంది, లేదంటే ఉండదు. సంభావ్యత భాషే కావాలంటే బేయస్ దారి ఉంది గాని, దానికి నమూనా తీయకముందే ఒక పూర్వ విభాజనాన్ని ఒప్పుకోవాలి.

పెద్దలూ దీనికి అతీతులు కారు. 2014లో హోక్‌స్ట్రా బృందం నెదర్లాండ్స్‌లో 442 మంది మనస్తత్వశాస్త్ర విద్యార్థులకూ 120 మంది పరిశోధకులకూ ఆరు తప్పు వాక్యాలు ఇచ్చింది. సగటున మూడింటికి పైగా ఒప్పని గుర్తుపెట్టారు. పరిశోధకులు విద్యార్థుల కంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా లేరు.

ఉపన్యాసం కన్నా చీటీలు బాగా పనిచేస్తాయి. డబ్బాలో 500 చీటీలు, ఒక్కొక్క దాని మీద ఒక చెట్టుకు ఒక దింపులో వచ్చిన కొబ్బరికాయల సంఖ్య. అసలు సగటు మాస్టారికే తెలుసు. నలభై మంది తలా పది చీటీలు తీసి, రాసుకుని, తిరిగి డబ్బాలో వేసి, ఎవరి విశ్వాసాంతరం వాళ్లు కట్టి బోర్డు మీద అడ్డగీతగా గీస్తారు. చివర్లో మాస్టారు అసలు సగటు దగ్గర నిలువుగీత గీస్తాడు. సుమారు రెండు గీతలు దాన్ని తాకవు. ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి నాలుగు. తాకని గీత గీసిన విద్యార్థి లెక్క ఎక్కడా తప్పలేదు. 95 శాతం ఎవరి గీతదీ కాదని, ఆ నలభై మందీ వాడిన పద్ధతిదని అప్పుడు అర్థమవుతుంది.

కాబట్టి స్టాటిస్టిక్స్ బోధించే మాస్టార్లకు ఒక మనవి. పరీక్షలో హద్దులు కట్టమని అడిగిన ప్రతిసారీ, వాటి అర్థం రెండు వాక్యాల్లో తెలుగులోనో ఇంగ్లిషులోనో రాయమనండి. మార్కుల్లో సగం దానికే కేటాయించండి.